కిట్టు కొనే ముందు బ్రేకు చూడండి

(తిరుపతిలో రోజూ సైకిలు మీద పనికి పోయేవాళ్ళతో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన అన్నలు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సైకిళ్ళన్నీ గోడవారన పెట్టినారు కదా? మంచిది. మాట్లాడటం అయిపోయినాక వాటితో పని ఉంది.

నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. సైకిలుకు మోటారు పెట్టడం పెద్ద పని కాదు. నాలుగు గంటలు కూర్చుంటే అయిపోతుంది. ఆ మోటారును మోయడానికి మన సైకిలు సరిపోతుందా, పరిగెత్తే సైకిలు అనుకున్నచోట ఆగుతుందా, అది చూసుకోవడం అసలు పని. మోటారు, బ్యాటరీ, వైర్లు అన్నీ కలిపి కిట్టు అని అమ్మేవాళ్ళు ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెప్తారు, ఎంత స్పీడో చెప్తారు. నీ బ్రేకు ఎట్లుందప్పా అని ఎవరైనా అడుగుతారా? అడగరు. అందుకే ఈరోజు నేను అడుగుతాను. నాలుగుసార్లు అడుగుతాను, విసుక్కోవద్దు.

ఇది ఎవరి కోసం చెప్తున్నాను? ఈ ఊరు తెల్లారకముందే లేస్తుంది. కొండకు పోయే జనం ఉంటారు కాబట్టి లాడ్జీలు, హోటళ్ళు, ఆస్పత్రులు, బస్టాండు, ఏవీ నిద్రపోవు. పొద్దున అయిదు గంటలకు లీలామహల్ సర్కిల్ కాడ నిలబడి చూడండి, ఎంతమంది సైకిళ్ళ మీద పోతుంటారో. తిరుచానూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు, కొర్లగుంట నుంచి వచ్చేవాళ్ళు, అవిలాల, పేరూరు నుంచి వచ్చేవాళ్ళు. రుయా, స్విమ్స్ ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు, లాడ్జీల్లో రూములు కడిగేవాళ్ళు, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి పోయే వాచ్‌మన్లు. వీళ్ళలో చాలామందికి నలభై అయిదు, యాభై దాటినాయి. మోకాళ్ళు నొప్పి. అప్పుడేం చేస్తున్నారు? అప్పు చేసి బండి కొంటున్నారు. నెలనెలా కంతు, దానికి తోడు పెట్రోలు. జీతం ఎంత, కంతు ఎంత? మీకు నేను లెక్క చెప్పక్కరలేదు. ఇంట్లో మంచి సైకిలు ఉన్నవాళ్ళు దాన్ని పాత సామాన్లవాడికి వేయకుండా ఇంకో పదేళ్ళు తొక్కాలని నాకు నిజంగా కోరిక. అందుకే ఇంత దూరం వచ్చి మాట్లాడుతున్నాను.

తిరుపతి చూసేదానికి సమంగా ఉన్న ఊరు మాదిరి ఉంటుంది. బస్సులో కూర్చున్నవాళ్ళకు అట్లనే అనిపిస్తుంది. తొక్కేవాళ్ళకు తెలుసు. తిరుచానూరు నుంచి అలిపిరి వైపు పోతుంటే నేల మనకు తెలియకుండానే లేస్తూ ఉంటుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు తొక్కకుండానే జారుకుంటూ వస్తాం. అవునా కాదా? తల ఊపుతున్నారు. పొద్దున పనికి పోయేటప్పుడే మిట్ట, అదీ కష్టం.

మరి కాళ్ళ మీద ఎంత భారం పడుతుంది? మనిషి, సైకిలు, క్యారేజీ సంచీ అంతా కలిపి వంద కిలోలు అనుకుందాం. సమంగా ఉన్న రోడ్డు మీద, ఎదురుగాలి లేనప్పుడు, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున పోవడానికి సుమారు 60 వాట్లు చాలు. 20 కిలోమీటర్లకు పోదాం అంటే 105 వాట్ల దాకా కావాలి. 25కు పోదాం అంటే 175. చూసినారా? వేగం రెట్టింపు కూడా కాలేదు, పవరు దాదాపు మూడింతలైంది. కారణం గాలి. వేగం రెట్టింపైతే, గాలిని తోసుకుపోవడానికి మాత్రమే ఎనిమిదింతల పవరు కావాలి. ఇక మిట్ట సంగతి. వంద మీటర్లు పోతే అయిదు మీటర్లు పైకి లేచే రోడ్డు అనుకోండి. దాని మీద గంటకు పది కిలోమీటర్ల చొప్పున, అంటే నిదానంగా ఎక్కాలన్నా 160 వాట్లు దాటుతుంది. మామూలు మనిషి గంటసేపు నిలకడగా ఇవ్వగలిగింది ఎంత? 75 నుంచి 100 వాట్లు. ఆ పైన ఆయాసం, చెమట, మోకాలి నొప్పి.

అంటే ఏమైంది? మీ కాళ్ళ నుంచి ఒక 80 వాట్లు, మోటారు నుంచి ఒక 100, 150 వాట్లు వస్తే ఊళ్ళో ఏ రోడ్డైనా సుఖంగా పోవచ్చు. 250 వాట్ల మోటారు జాస్తిగానే సరిపోతుంది. కుర్రవాళ్ళు వచ్చి నన్ను ఎప్పుడూ ఇదే అడుగుతారు, సార్ 500 వాట్లు పెట్టుకుందామా, 750 పెట్టుకుందామా అని. ఎందుకప్పా? ఆ పవరు మీకు ఇచ్చేది వేగం. ఆ వేగానికి మన సైకిలు ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, బ్రేకు ఏవీ చేసినవి కావు.

చట్టం కూడా అక్కడే గీత గీసింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 నాటివి, వాటి ప్రకారం మోటారు పవరు 250 వాట్ల లోపు ఉండాలి, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. అట్లా ఉంటే దాన్ని మోటారు వాహనం కింద లెక్కపెట్టరు. దాటిందా, అది మోటారు బండే. రిజిస్ట్రేషను కావాలి, లైసెన్సు కావాలి, ఇన్సూరెన్సు కావాలి. ఇంట్లో తయారు చేసుకున్న సైకిలుకు అవన్నీ యాడ నుంచి తెస్తారు? ఇంకో సంగతి, మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే పెట్టె ఉంటుంది, కంట్రోలర్ అంటారు, దాని నుంచి వేగానికి కట్టడి పెట్టే వైరు ఒకటి బయటికి వస్తుంది. దాన్ని ఊడపీకితే స్పీడు పెరుగుతుందని ఎవరో ఒకరు వచ్చి చెప్తారు. చెప్పినా దాని జోలికి పోవద్దు. రేపు రోడ్డు మీద ఎవరికైనా తగిలితే, మీ చేతిలో ఉన్నది సైకిలు అని వాదించడానికి కూడా ఉండదు.

ఇక సైకిలు దగ్గరికి వద్దాం. ఇక్కడ గోడవారన రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి మన పాత పెద్ద సైకిలు, రాడ్ బ్రేకులది. రెండోది 26 అంగుళాల చక్రాల సైకిలు, వైరు బ్రేకులో డిస్కు బ్రేకులో ఉన్నది. రెండోది ఉన్నవాళ్ళకు పని సులభం. కిట్లు దానికి సరిపోయేట్టే వస్తాయి. మొదటిది ఉన్నవాళ్ళే ఇక్కడ ఎక్కువ, కాబట్టి దాని గురించి కొంచెం నిదానంగా చెప్తాను.

పెద్ద సైకిలు ఫ్రేము గట్టిది, ఉక్కు. ఎంత బరువు వేసినా మోస్తుంది, దాని మీద నాకు గౌరవం ఉంది. చిక్కు చక్రంలో ఉంది. మన పెద్ద సైకిళ్ళకు ముందు రిమ్ములో 32 స్పోకులు, వెనక రిమ్ములో 40 స్పోకులు. చక్రం నడుమ కూర్చునే మోటారును హబ్ మోటారు అంటారు, వాటికి మామూలుగా 36 బెజ్జాలు. అంటే మీ పాత రిమ్ములో ఆ మోటారు కూర్చోదు. కొత్త రిమ్ము, కొత్త స్పోకులు, మళ్ళీ చక్రం అల్లి బెండు తీయడం, అన్నీ చేయాలి. సరే, రిమ్ము మార్చినాం అనుకోండి. రాడ్ బ్రేకు గుర్తుందా, అది రిమ్ము లోపలి వైపు పట్టుకుంటుంది. ఆ బ్రేకుకు తగ్గట్టు చేసిన రిమ్ము అది. కొత్త అల్యూమినియం రిమ్ము పక్క నుంచి పట్టే బ్రేకుకు చేసింది. అంటే రిమ్ము మార్చినవాళ్ళు బ్రేకు కూడా మార్చాల్సిందే. ఈ విషయం కిట్టు పెట్టె మీద రాసి ఉండదు. చక్రం బిగించి, మోటారు తిప్పి చూసి సంతోషపడినాక, బ్రేకు పట్టబోతే రబ్బరు గాల్లో ఆడుతుంటుంది.

ఇదొక్కటే కాదు. పెద్ద సైకిలు ఫోర్కు సందు, వెనక ఇరుసు సందు, రెండూ మోటారు ఇరుసు కంటే ఇరుకు. గేర్ల సైకిళ్ళకు వెనక సందు 135 మిల్లీమీటర్లు ఉంటుంది, మోటార్లు ఆ కొలతకు చేస్తారు. పెద్ద సైకిలుకు అంత ఉండదు. ఉక్కు కాబట్టి కొంచెం సాగదీయవచ్చు, కానీ తెలిసిన మెకానిక్కు చేయాలి, రెండు వైపులా సమంగా. సుత్తి పెట్టి కొట్టేస్తే చక్రం ఒక పక్కకు పోతుంది, గొలుసు తప్పుతుంది. ఇంకా పెడలు తిరగడం కనిపెట్టే సెన్సారు ఉంటుంది, అయస్కాంతాలున్న చిన్న చక్రం. అది ఇప్పటి సైకిళ్ళ నాలుగు పలకల క్రాంకు ఇరుసుకు, అంటే పెడళ్ళ కడ్డీలు తిరిగే ఇరుసుకు చేసింది. పెద్ద సైకిలుకు ఉండే కాటర్ పిన్ను క్రాంకుకు పట్టాలంటే రెండు ముక్కలుగా విడిపోయే రకం కావాలి. కొనేటప్పుడే అడగండి.

అంటే పెద్ద సైకిలు వద్దంటావా సార్ అని అన్న ముందు నుంచి అడుగుతున్నాడు. వద్దనడం లేదన్నా. అవుతుంది. ఖర్చు జాస్తి అవుతుంది, ఆ ఖర్చు ముందే తెలుసుకుని దిగండి అంటున్నాను. ఇంట్లో పిల్లల 26 అంగుళాల సైకిలు వాడకుండా పడి ఉంటే ముందు దాన్ని చూడండి. సెకండ్‌హ్యాండులో అట్లాంటిది దొరికితే దాని మీద చేసుకోవడమే చవక.

ఇప్పుడు అందరూ మరిచిపోయేది ఒకటి చెప్తాను. హబ్ మోటారులో ఇరుసు తిరగదు, చుట్టూ ఉన్న డబ్బా తిరుగుతుంది. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే, అంతే బలంతో ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపుతున్నది ఏమిటి? ఇరుసుకు రెండు వైపులా చదునుగా గీసిన భాగం, ఫ్రేములో అది కూర్చున్న గాడి. ఆ చదును వెడల్పు పది మిల్లీమీటర్లు. అంత చిన్న చోట వందల కిలోల బలం పడుతుంది. ఊరికే నట్లు బిగిస్తే చాలదు. ఇరుసు గాడిని నమిలేసి ఒక్కసారి తిరిగిందంటే, లోపలికి పోయే వైరు మెలిపడి తెగిపోతుంది. ముందు చక్రానికి మోటారు పెట్టి ఉంటే చక్రమే ఊడి బయటికి వస్తుంది. దీనికి మందు టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ. ఒక చివర ఇరుసును పట్టుకుంటుంది, రెండో చివర ఫ్రేముకు బిగిస్తారు. చిన్న ముక్క, ఖర్చు తక్కువ. కిట్టులో లేకపోతే విడిగా అడిగి కొనండి. అల్యూమినియం ఫోర్కుకు, స్ప్రింగు ఫోర్కుకు ముందు మోటారు పెట్టొద్దు, పట్టీ ఉన్నా పెట్టొద్దు. ఉక్కు ఫోర్కైతే సరే.

మోటారులో రెండు రకాలు. లోపల చిన్న పళ్ళచక్రాలు ఉన్నది గేర్ హబ్. లేనిది డైరెక్టు రకం, పెద్దగా, బరువుగా ఉంటుంది. మన పనికి గేర్ హబ్బే. బరువు తక్కువ, మిట్ట ఎక్కేటప్పుడు పట్టు బాగుంటుంది. అన్నింటికంటే ముఖ్యం, బ్యాటరీ అయిపోతే అది అడ్డం పడదు, మామూలు సైకిలు మాదిరి తొక్కుకుంటూ ఇంటికి పోవచ్చు. లోపల ఫ్రీవీలు ఉంటుంది కాబట్టి. అయితే అదే ఫ్రీవీలు వల్ల పల్లంలో దిగేటప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి రాదు. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాటుకు ఎలక్ట్రిక్ బస్సులు మొదలుపెట్టినారు కదా, ఆ బస్సులు బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి తెచ్చుకుంటాయి. మన సైకిలు అట్లా చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ఘాటు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ సైకిలు ఘాటు రోడ్డుకు కాదు. నిదానంగా, గంటల తరబడి మిట్ట ఎక్కితే మోటారులోకి పోయే కరెంటులో పెద్ద భాగం వేడిగా మారుతుంది. లోపలి పళ్ళచక్రాలు ప్లాస్టిక్కువి. ఇక దిగడం గురించి చెప్పనే అక్కరలేదు. ఇది ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి.

బ్రేకు. మళ్ళీ బ్రేకు. మోటారు, బ్యాటరీ కలిసి అయిదారు కిలోలు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. మీరు గంటకు 12 కిలోమీటర్లతో పోయేటప్పుడు బాగున్న బ్రేకు, 24తో పోయేటప్పుడు నాలుగింతల పని చేయాలి. రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకని రెండు బ్రేకులూ పట్టాలి. ముందుది వదిలేసి వెనకదే వాడే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది మానాలి. రబ్బర్లు అరిగి ఉంటే మోటారు కంటే ముందు వాటిని మార్చండి. బ్రేకు పిడిలో కట్-ఆఫ్ స్విచ్చి ఉండాలి. పిడి నొక్కిన వెంటనే మోటారుకు కరెంటు ఆగిపోవాలి. కొందరు ఆ వైరు తగిలించడం ఎందుకులే అని వదిలేస్తారు. మీరు బ్రేకు పడుతుంటే మోటారు ముందుకు తోస్తుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి, అదీ పొద్దున చీకట్లో, ఆటో అడ్డం వచ్చినప్పుడు.

ఇక బ్యాటరీ. మొత్తం ఖర్చులో సగం దాకా ఇదే తింటుంది. కరకంబాడిలో అమరరాజా ఉన్న ఊరు మనది, బ్యాటరీ అంటే మనకు కొత్త కాదు. కానీ ఇన్వర్టర్లలో వాడే లెడ్ బ్యాటరీ సైకిలుకు బరువు. మన కిట్టుకు కావాల్సిన 36 వోల్టుల కోసం 12 వోల్టులవి మూడు కావాలి, 12 యాంపియర్-అవర్లవైతే (బ్యాటరీలో ఎంత నిల్వ పడుతుందో చెప్పే లెక్క అది) మూడూ కలిపి 12 కిలోల దగ్గరికి పోతాయి. లిథియం అయితే మూడు కిలోల లోపు. చవక అని లెడ్‌కు పోయినవాళ్ళు మోకాళ్ళ నొప్పి తగ్గించుకోబోయి, మెట్ల మీద పన్నెండు కిలోలు మోసుకుంటున్నారు.

లిథియం బ్యాటరీ 36 వోల్టులు, 10 యాంపియర్-అవర్లది అనుకుందాం. గుణిస్తే 360 వాట్-అవర్లు. మీరూ తొక్కుతూ పోతే కిలోమీటరుకు పది పన్నెండు వాట్-అవర్లు ఖర్చు. అంటే ముప్పై కిలోమీటర్లు. తిరుచానూరు నుంచి ఊళ్ళోకి వచ్చి తిరిగి పోయేవాళ్ళకు జాస్తిగా సరిపోతుంది. రేణిగుంట నుంచి వచ్చేవాళ్ళకు కూడా రానూపోనూ వస్తుంది, కానీ వాళ్ళు పనిచోట చార్జింగు పెట్టుకునే ఏర్పాటు చూసుకుంటే మంచిది. ఎందుకంటే ఏడాది, రెండేళ్ళు పోయేకొద్దీ ఆ ముప్పై తగ్గుతూ వస్తుంది. తొక్కకుండా ఊరికే యాక్సిలరేటరు తిప్పుకుంటూ పోతే ఇంకా ముందే అయిపోతుంది. కరెంటు ఖర్చు అంటారా? ఒకసారి నిండా చార్జి చేస్తే అర యూనిట్టు లోపే. బిల్లులో కనిపించదు.

కొనేటప్పుడు ఏం చూడాలి? లోపల ఉండే సెల్లులు మామూలుగా 18650 అనే రకం, ఒక్కొక్కటి 45 గ్రాములకు కొంచెం అటూఇటూ. 36 వోల్టుల కోసం పది వరసగా, పది యాంపియర్-అవర్ల కోసం అట్లాంటివి నాలుగు వరసలు, మొత్తం నలభై. సెల్లుల బరువే రెండు కిలోలకు దగ్గర కావాలి. పెట్టె తూకం వేసి చూడండి. కిలోన్నర తూగే పెట్టెను పది యాంపియర్-అవర్లని అమ్మితే అది పది కాదు. సెల్లులకు ఐఎస్ 16046 అనే భద్రతా ప్రమాణం ప్రకారం బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, గుర్తింపు ఉందా అని అడగండి. పాత లాప్‌టాపుల నుంచి పీకిన సెల్లులతో కట్టిన పెట్టెలు కూడా చవకగా దొరుకుతాయి, వాటిని ఇంట్లోకి తేవద్దు. లోపల బీఎంఎస్ అనే బోర్డు ఉండాలి. ఒక్కొక్క సెల్లు నిండిందా, ఖాళీ అయిందా, వేడెక్కిందా చూసి కరెంటు కట్ చేసేది అదే.

ఇప్పుడు చెప్పేది ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా చెప్పండి. చార్జరు ఆ బ్యాటరీదే వాడాలి. 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ 42 వోల్టుల దగ్గర నిండుతుంది. 48 వోల్టుల దాని చార్జరు 54.6 వోల్టులు ఇస్తుంది. పిన్ను పట్టింది కదా అని దాన్ని గుచ్చితే ప్రమాదం. మే నెలలో ఎండన పడి వచ్చిన బ్యాటరీకి వెంటనే చార్జింగు పెట్టొద్దు, నీడన గంటసేపు చల్లారనివ్వండి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం చార్జింగు వద్దు. రాత్రి పెట్టి నిద్రపోవద్దు. రెండు యాంపియర్ల చార్జరుతో అయిదారు గంటలు పడుతుంది, ఎవరైనా మేలుకొని ఉన్న వేళ చూసుకోండి. వాకిలికి అడ్డంగా పెట్టొద్దు. ఎందుకు? ఏదైనా అంటుకుంటే మనం బయటికి పోయే దారి అదే. పెట్టె ఉబ్బినా, తీపి వాసన మాదిరి వచ్చినా, కింద గట్టిగా పడినా ఇక దాన్ని వాడొద్దు. చెత్తబండిలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్ళది, కొన్న షాపులోనే అడగండి.

అక్క చెయ్యి ఎత్తింది. మీది లేడీస్ సైకిలు కదక్కా, నడుమ కడ్డీ ఉండదు, బ్యాటరీ ఎక్కడ పెట్టాలి అని. సీటు కింద నిలువు గొట్టానికి, వెనక చక్రానికి నడుమ పట్టే పెట్టెలు ఉంటాయి. అది పట్టకపోతే క్యారియరు మీద. క్యారియరు మీద పెడితే మోటారు ముందు చక్రానికి పెట్టించుకోండి, మీది ఉక్కు ఫోర్కే, టార్క్ ఆర్మ్ తప్పనిసరి. మోటారూ బ్యాటరీ రెండూ వెనకే ఉంటే, స్టాండు వేసేటప్పుడు, మెట్టు ఎక్కించేటప్పుడు మీకే కష్టం.

వానల సంగతి ఒకటి మిగిలింది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వానలు ఎవరూ మరిచిపోలేదు. వానలో పోవచ్చు, కిట్టు తడిస్తే ఏమీ కాదు. కానీ రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే దిగవద్దు. ఇరుసు మునిగితే వైరు పోయే బెజ్జంలో నుంచి మోటారులోకి నీళ్ళు పోతాయి. ఆ వైరును ఇరుసు దగ్గర కిందికి వంపు తిప్పి కట్టండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మోటారు వైరుకు చక్రం దగ్గరలో జాయింటు ఉన్న రకం కొనండి. పంచరైనప్పుడు చక్రం విప్పాలంటే అది కావాలి. 18 నంబరు స్పానరు ఒకటి సంచిలో పెట్టుకోండి, పంచరు షాపులో ఆ సైజు అన్నిచోట్లా ఉండదు.

సరే, చీకటి పడకముందే సైకిళ్ళు చూద్దాం. వెనక సందు కొలత, ఫోర్కు ఉక్కా కాదా, రిమ్ము స్పోకులు, బ్రేకు రబ్బర్లు, ఈ నాలుగూ ప్రతి సైకిలుకూ ఒక కాగితం మీద రాసిస్తాను. కిట్టు కొనడానికి పోయేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి. ఆ నీలం రంగు 26 అంగుళాల సైకిలు ఎవరిది? మీదా? ఇట్లా తీసుకురాండన్నా, దాంతో మొదలుపెడదాం.